సర్ డగ్లస్ నికొల్స్

మెల్బోర్న్ నగరమున చలికాలము ప్రవేశించెనన్న ఇంటింట కాలిబంతి ముచ్చటయే వినవచ్చును. అది మన బాలురాడు ఫుట్‌బాల్ కాదు. ఆస్ట్రేలియావారు తమకై యేర్పరచుకొన్న ఆట. కోలగానుండు బంతిని కాలితో తన్నవచ్చును, పిడికిటితో కొట్టి తోడివానికి అందింపవచ్చును, నడుమ నడుమ నేలకు తాకించుచు చేతబట్టి పరుగెత్తనువచ్చును. పక్షమునకు 18 మంది. నడిమి స్తంభముల మధ్యగా తన్నిన 6 పాయింట్లు; ప్రక్క సందున పోయిన ఒక్కటియే. గాలిలోనికెగిరి బంతినందుకొను ఈ ఆట పొడుగరులకేగాని పొట్టివారికి గాదని చూపరులు తలతురు. మేము చెప్పబోవు డగ్లస్ నికొల్స్ అయిదడుగుల రెండంగుళములవాడు.

ఆయన 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన, న్యూ సౌత్ వేల్స్‌లో మరే నదీతీరమునందలి కమెరగంజ అను ఆదిమవాసుల నివేశమున, యొర్టా యొర్టా జాతియందు జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున ఒకనాడు పోలీసులు వచ్చి, ఆయన చూచుచుండగనే, అక్కయగు హిల్డాను ఇంటినుండి బలవంతముగ గొనిపోయిరి. ఆదిమవాసుల బాలికలను పనికత్తెలుగా తీర్చుటకై కూటముండ్రా యను నూర నొక శాల యుండెను. ఆమెను అచ్చటికి బంపిరి. అది నాటి ప్రభుత్వపు పద్ధతి. పదుమూడేండ్లకే డగ్లస్ గొర్రెల మందలయొద్ద కొలువు కుదిరి, ఉన్ని కత్తిరించునపుడు వానికి తగిలిన గాయములకు తారు పూయుచుండెను.

1927లో మెల్బోర్న్ చేరి, ప్రసిద్ధమైన కార్ల్టన్ జట్టున చేర యత్నించెను. ఆటగాండ్ర కాళ్లు చేతులు మర్దించుటకు జట్టునకొక మనిషి యుండుట అచ్చటి వాడుక. ఈతని యొడలు నల్లనిదనియు, దుర్వాసన గలదనియు చెప్పి ఆ మనిషి ముట్టనొల్లడయ్యెను. తోడి యాటగాండ్రును ఒల్లరైరి. పేచీ ఆటను గూర్చి కాదు, చర్మమును గూర్చియే. ఈ ఘట్టమువద్ద మా కలము కొంత నిలిచినది. మైదానమున పక్షములు కోరుకొనునపుడు ఎవ్వరును కోరక చివరకు మిగిలిన బాలుని మొగము ఉపాధ్యాయులమగు మేము పలుమారు చూచియున్నాము. ఇక అంటరాదనుట యెట్టిదో మన దేశస్థులకు వివరింపనక్కరలేదు.

అంతట నికొల్స్ నార్త్‌కోట్ జట్టున చేరెను. కార్ల్టన్ మొదలగునవి ఆడు లీగుకంటె ఒక మెట్టు దిగువనున్న అసోసియేషన్‌లోని జట్టది. మైదానపు అంచున, వింగు అనుచోట నిలిచి, బంతి దొరకినంతనే బాణమువలె పోవుచుండెను. 1929లో చాంపియన్‌షిప్పునకై జరిగిన అంతిమ పోటీలో నార్త్‌కోట్‌వారు పోర్ట్ మెల్బోర్న్‌వారిని ఓడించిరి. ఆ జట్టునకు అదియే మొదటి చాంపియన్‌షిప్పు. ఒకచోట ముట్టరానివాడైన యువకుడు రెండేండ్లలో మరియొకచోట విజేతల నడుమ నిలిచెను. ఆ యేడే నయా, వారక్‌నబీల్ అను ఊళ్లలో పరుగుపందెములును గెలిచెను. కొంతకాలము డేరాలు వేసి ముష్టియుద్ధము ప్రదర్శించువారితోను తిరిగెను. ఆ భాగమును మేము విస్తరింపము.

1932లో లీగునందలి ఫిట్జ్‌రాయ్ జట్టున ఆయనకు చోటు దొరకెను. పూర్వపు అవమానము మనసునందుండుటచేతనేమో, బట్టలు మార్చుకొను గదిలో ఒంటిగ కూర్చుండువాడు. ఆ జట్టున హేడన్ బంటన్ అను నతడుండెను. లీగులో ఉత్తమ క్రీడాకారునకిచ్చు బ్రౌన్‌లో పతకమును 1931లో పొందినవాడు. ఆ బంటన్ తానై వచ్చి ఆయనను చేరదీసి మిత్రునిగ జేసికొనెను. అంతటివాడు ప్రక్కన కూర్చున్న పిమ్మట తక్కినవారు దూరముగ నుండుటెట్లు? నికొల్స్ ఫిట్జ్‌రాయ్ పక్షమున 54 ఆటలాడెను. 1935లో విక్టోరియా రాష్ట్రపు జట్టునకు ఎన్నుకొనబడెను. ఆదిమవాసులలో ఆ గౌరవము పొందిన మొదటివాడు ఆయనయే.

తల్లి మరణానంతరము, 1932లో, ఆయన క్రైస్తవ విశ్వాసమును స్వీకరించెను. తరువాత ఫిట్జ్‌రాయ్ పేటలో దీనదశనున్న తనవారికి పాస్టరై, త్రాగుబోతులను జూదరులను వెదకికొని పోవుచుండెను. 1957లో ఆదిమవాసుల అభ్యున్నతి సంఘమును స్థాపించినవారిలో ఒకడు. ఆదిమవాసులను జనాభా లెక్కలలో చేర్చుటకై 1967లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు పాటుపడెను. నూటికి 90 మందికి పైగా అనుకూలముగ ఓటువేసిరి. 1972లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. 1976 డిసెంబరులో దక్షిణ ఆస్ట్రేలియాకు గవర్నరయ్యెను. ఆదిమవాసులలో ఈ రెండింటిని పొందిన ప్రథముడాయనయే. కాని కొలది దినములకే జబ్బుపడి, 1977 ఏప్రిలులో పదవి విడిచెను. 1988 జూన్ 4వ తేదీన మరణించగా, కమెరగంజలోనే సమాధి చేసిరి.

2016 మొదలు ఆస్ట్రేలియా లీగువారు ఏటేట ఒక వరుస ఆటలను సర్ డగ్లస్ నికొల్స్ పేర జరుపుచున్నారు. అన్ని జట్లును అందాడును. కార్ల్టన్ జట్టును ఆడుచున్నది.