ఘంటసాల వేంకటేశ్వరరావుగారు

చలనచిత్రములలోని పాటలను విననివారు మన దేశమున అరుదు. కాని ఆ పాట యెట్లు తయారయ్యెనో, దాని వెనుక నెవరి శ్రమ యెంత గలదో విచారించి మెచ్చుకొనువారు కొలదిమందియే. అట్టి రసికులు నేటికిని చెప్పుకొను జీవితము ఘంటసాల వేంకటేశ్వరరావుగారిది.

ఈయన 1922 సంవత్సరము డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లాలో గుడివాడకు సమీపమందలి చౌటపల్లి గ్రామమున జన్మించెను. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు, నారాయణతీర్థుల తరంగములు పాడుచుండువారు. తండ్రి పాడుచుండగా బాలుడు నాట్యమాడుచుండెను. చూచినవారు ముచ్చటపడి బాలభరతుడని పిలిచిరి. పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. కుమారుడు సంగీతవిద్వాంసుడు కావలయునన్న ఆయన కోరిక యొక్కటియే ఆ పిల్లవానికి ఆస్తిగా మిగిలెను.

మేనమామ పోషణలో కొన్నాళ్లున్న పిమ్మట, ఇంటివారితో చెప్పకయే తన యుంగరమునమ్మి విజయనగరమునకు బోయెను. అచ్చట భోజనమునకు దారి లేదు. జోలె కట్టుకొని యింటింట మధుకరమెత్తి రెండుపూటలకు సరిపోవు అన్నమును తెచ్చుకొని, మిగిలినదానిని గుడ్డలో మూటగట్టి, చీమలు పట్టకుండ గోడమేకునకు తగిలించెడివాడు. వేళకు తల్లి వడ్డింపగా తిని బడికి వచ్చు మన బాలురు ఈ మేకును కొంచెము తలచుకొందురుగాక. పట్రాయని సీతారామశాస్త్రిగారు వీని దురవస్థ నెఱిగి, చేరదీసి, ఉచితముగా విద్య చెప్పిరి. వారును ధనవంతులు గారు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని బళ్లారిలోని అలీపురము చెఱసాలలో పదునెనిమిది మాసములుండెను. విడుదలయైన తరువాత 1944లో సావిత్రమ్మగారిని వివాహమాడెను. సముద్రాల రాఘవాచార్యులవారు వీరి గానమును విని మద్రాసునకు రమ్మని ప్రోత్సహించిరి. రేడియోలో పాడుచు, చిత్రములలో బృందగానమున గొంతు కలుపుచు, చిన్న వేషములు సైతము వేయుచు దినములు గడపి, 1945లో విడుదలయైన స్వర్గసీమ చిత్రమున భానుమతిగారితో కలసి పాడిరి. 1949లో వచ్చిన కీలుగుఱ్ఱము, మనదేశము చిత్రములకు తామే సంగీతదర్శకులైరి. 1951 నాటి పాతాళభైరవితో వీరి పేరు పల్లెపల్లెకు ప్రాకెను.

ఆ కాలమున పాటను పట్టుట యెంత కష్టమో నేటివారికి తెలియుట కష్టము. ఒక్కొక్క వాద్యమును, ఒక్కొక్క గొంతును వేర్వేరుగా పట్టి అతుకు వసతి నాడు లేదు. కవి పదములు, దర్శకుడు కూర్చిన వరుస సిద్ధమైన తరువాత, గాయకులును వాద్యకారులును ఒకే శాలలో నిలిచి పాటను మొదటినుండి తుదివఱకు ఒక్క ఊపున సాగింపవలెను. వేణువు ఒక్క స్వరము తప్పినను అందఱును మరల మొదలిడవలసినదే. ఇట్టి శాలలో ఘంటసాలవారు పెక్కుమారులు గాయకులుగను, దర్శకులుగను రెండు బరువులను మోసిరి.

పద్యపఠనమున వీరు చేసిన మార్పు మిక్కిలి గొప్పది. రంగస్థలమున నటులు రాగమును సాగదీయగా పద్యముయొక్క అర్థము మఱుగున పడుచుండెను. వీరు రాగాలాపమును తగ్గించి, పదచ్ఛేదము చెడకుండ, పాత్రయొక్క కోపము గాని శోకము గాని స్పష్టముగ వినబడునట్లు చదివిరి. (మన బాలురు వార్షికోత్సవమున పద్యము నెత్తుకొన్నప్పుడు దీనిని గమనించిన, కూర్చున్న పెద్దలకు మేలగును.) జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపము గ్రామఫోను పలకలపై ఇంటింట మ్రోగుటకు కారణమిదియే.

1957లో వచ్చిన మాయాబజార్ సంగతి మఱియొకటి. సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని పాటలకు వరుసలు కూర్చి విరమింపగా, ఘంటసాలవారు మిగిలిన పనిని పూర్తిచేసిరి. మోహనరాగమందలి పడవపాటను విని ఆనందించువారు కోట్లకొలది. ఆ వరుస యెవరిది, వాద్యములను అమర్చి పట్టించినదెవరు అని విడదీసి యిరువురకును తగిన గౌరవమిచ్చువారు మాత్రమే నిజమైన అభిమానులని నా తలంపు. 1963లో లవకుశ వచ్చినప్పుడు ఆ కవలబాలుర పాటలను పి. లీల, పి. సుశీలగార్లచే పాడించిరి. సినిమా యెఱుగని ముదుసలులు సైతము బండ్లు కట్టుకొని పోయి చూచిరి.

అన్నియు జయములు కావు. పరోపకారము, సొంతవూరు, భక్త రఘునాథ్ అను చిత్రములను తామే నిర్మించి ధనము పోగొట్టుకొనిరి. అయినను పాట విడువలేదు. 1970లో పద్మశ్రీ బిరుదము లభించెను. 1971లో విదేశములకు బోయి ఆంధ్రులకు గానము వినిపించిరి. అప్పటికే దేహమున వ్యాధి బలిసియుండెను.

భగవద్గీతా శ్లోకములను తెలుగు తాత్పర్యముతో పాడి పలకలకెక్కించిరి గాని, అవి విడుదలయగుట చూడలేదు. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో, ఏబదియొక్క యేండ్ల ప్రాయమున మరణించిరి. ఆ పలకలు పిమ్మట బయటికి వచ్చినవి.