దోర్నకల్ అజరయ్యగారి బ్రదుకు: పల్లె విశ్వాసి దేవునికి సమీపించు మార్గము

పఠింపవలసిన వాక్యభాగములు: మార్కు 1:35–39, యాకోబు 4:1–10



మనము దేవునియొద్దకు ఒక అడుగు వేసినయెడల ఆయన మనయొద్దకు వచ్చుటకు సిద్ధముగా ఉన్నాడని యాకోబు భక్తుడు తన పత్రికలో బోధించెను. ఈ మాట మనమందరము విన్నదే. అయితే ఆ అడుగు ఎట్లు వేయవలెను? సిరిసిల్లలో సాంచాలయొద్ద రాత్రి పగలు నిలువబడు సహోదరుడు ఎట్లు వేయగలడు? కోరుట్లలో చేట ఒడిలో పెట్టుకొని ప్రొద్దుగూకులు బీడీలు చుట్టు తల్లి ఎట్లు వేయగలదు? జగిత్యాల ప్రాంతపు పసుపు చేలలో కూలికి పోవు చెల్లెలు, భర్త దుబాయిలో ఉండగా ఇల్లు పిల్లలు ఒంటిగా చూచుకొను ఇల్లాలు ఎట్లు వేయగలరు?

దేవుని సన్నిధి అయ్యగార్లకు, చదువుకొన్నవారికి, తీరిక గలవారికి మాత్రమే దొరకునదని మనలో అనేకులు లోలోపల అనుకొనుచున్నారు. ఆదివారము గుడికి వచ్చి, చందా వేసి, తక్కిన ఆరు దినములు దేవుని గుడిలోనే విడిచిపోవుచున్నారు. ఇది మన సంఘములకు పట్టిన పెద్ద జబ్బు. ఇందుకు మందు ఏదో మన తెలంగాణ నేలమీదనే ముప్పది అయిదేండ్లు శ్రమపడిన ఒక దైవజనుని బ్రదుకునుండి ఈ నెల నేర్చుకొందము. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

పల్లె గుడి నీడలో పెరిగిన బాలుడు

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగస్టు 17న తమిళదేశములో తిరునెల్వేలి ప్రాంతమునందలి వెళ్లాళన్‌విళై అను పల్లెలో జన్మించెను. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ పల్లె సంఘమునకు గురువు. తల్లి ఎల్లెన్ అమ్మగారు బహుకాలము ఒక మగబిడ్డకొరకు ప్రార్థించి పొందినందున, హన్నా కుమారుని పేరే ఈ బిడ్డకు పెట్టిరి. ఆయన ఇంకను చిన్నవాడుగా ఉండగానే తండ్రి కాలము చేసెను. తల్లి ప్రార్థనయే ఆ ఇంటికి మిగిలిన ఆస్తి.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆయన గణితశాస్త్రము చదివెను. చివరి పరీక్షల వేళ జబ్బుపడుటచేత పట్టము పొందలేకపోయెను. ఎన్నో ఏండ్ల చదువు చివరి మెట్టుమీద ఆగిపోయినప్పుడు ఏ యువకునికైనను గుండె పగులును. అయితే ఆయన అక్కడనే కూర్చుండి ఏడ్వలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. సేవలో చేరి, దక్షిణదేశమంతట తిరుగుచు యువకులకు ప్రభువును ప్రకటించెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌ గారిని వివాహమాడెను. ఆమె దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాలకు వెళ్లి చదివిన మొదటివారిలో ఒకరు. తరువాత దోర్నకల్‌లో స్త్రీల మధ్య ఆమె చేసిన సేవ భర్త సేవకు తక్కువైనది కాదు.

జాఫ్నాలో పొడుచుకొనిన ముల్లు

1902లో ఆయన సింహళద్వీపమునందలి జాఫ్నాకు వెళ్లెను. అక్కడి తమిళ క్రైస్తవులు కొద్దిమందియే అయినను, తమ సొంత డబ్బుతో తమ సొంత మనుష్యులను సువార్తకొరకు పంపుచుండుట చూచెను. తిరునెల్వేలి సంఘము వారికంటె ఎంతో పెద్దది, ఎంతో పాతది. అయినను అట్టి పని చేయుటలేదు. ఇతరులకు బోధించుచు తిరిగిన ఆయనకు అది ముల్లువలె గుచ్చుకొనెను.

ఆ ముల్లును ఆయన పెరికివేయలేదు. దానిని ప్రార్థనగా మార్చుకొనెను. ఫలితముగా 1903 ఫిబ్రవరి 12న పాలయంకోటలో తిరునెల్వేలి భారత మిషనెరీ సంఘము ఏర్పడెను. అందులో పనివారు భారతీయులే, డబ్బు భారతీయులదే, నడుపువారును భారతీయులే. వారు పొలముగా ఎన్నుకొనినది నిజాము రాజ్యములోని మన దోర్నకల్ ప్రాంతము. 1905 క్రిస్మసునాడు సేరంపూరులో దేశమంతటికిని చెందిన నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపింపబడినప్పుడు దాని పెట్టినవారిలో ఆయన ముఖ్యుడు.

ఇక్కడ మనము గమనింపవలసినది ఒకటి కలదు. ఇతరులను పంపి ఊరకుండుట ఆయనకు చాలలేదు. 1909లో గురువుగా అభిషేకము పొంది, పట్టణపు సేవను విడిచి, తానే దోర్నకల్‌కు మిషనెరీగా వచ్చెను. అప్పటికి ఆయనకు ముప్పది అయిదేండ్లు. తెలుగు రాదు. చిన్నపిల్లవానివలె అక్షరములు దిద్దుకొని మన భాష నేర్చుకొనెను. 1912 డిసెంబరు 29న కలకత్తా నగరములో బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదియే మొదటిసారి. దొరలు మాత్రమే కూర్చుండిన పీఠముమీద పల్లె గురువు కొడుకు కూర్చుండెను.

ఆయన చూపిన అయిదు అడుగులు

దోర్నకల్‌లో ఆయనయొద్దకు వచ్చినవారు పండితులు కారు. మాలపల్లెలలోను, మాదిగవాడలలోను వెట్టిచాకిరి చేయువారు. అక్షరము ఎరుగనివారు. రేపటి గింజ ఇంటలేనివారు. ఇట్టివారు దేవునికి సమీపింపగలరని ఆయన నమ్మెను. వారికి తగిన దారియు వేసెను.

మొదటిది, ప్రాతఃకాల ప్రార్థన. ఆయన పెందలకడ లేచి దేవుని సన్నిధిని గడిపి, తరువాతనే దినపు పనిలోనికి దిగువాడు. ఎడ్లబండిమీదను సైకిలుమీదను పల్లెపల్లె తిరుగు మనిషికి పని తక్కువగా ఉండినదా? పని ఎక్కువగా ఉండుటచేతనే ప్రార్థన మొదట పెట్టుకొనెను. మన ప్రభువును ఇంకను చీకటి ఉండగానే లేచి అరణ్యప్రదేశమునకు వెళ్లి ప్రార్థించెనని మార్కు వ్రాసెను. సాంచాల మోత మొదలగుటకు ముందు, పొయ్యి ముట్టించుటకు ముందు, పది నిమిషములు దొరకవా? సెల్‌ఫోను చేతిలోనికి తీసికొనకముందు మోకాళ్లు వంచినచో చాలును.

రెండవది, వాక్యమును హృదయములో దాచుకొనుట. చదువురానివారు బాప్తిస్మమునకు ముందు ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణమును నోటికి నేర్చుకొనిరి. మద్దెల, తాళములతో భజనలు పాడుచు బైబిలు కథలు నేర్చుకొనిరి. మన దేశపు పాటను, మన దేశపు వాద్యమును ఆరాధనలోనికి తెచ్చుటకు అజరయ్యగారు వెరవలేదు. దోర్నకల్ దేవాలయమును చూచినవారికి ఇది తెలియును. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన ఆ గుడిలో మన దేశపు స్తంభములును గుమ్మటములును కలిసి నిలిచియున్నవి. బీడీలు చుట్టు చేతులకు పని ఉన్నను నోటికి పని లేదుగదా! నాట్లు వేయుచు జానపదము పాడు నోరు ఒక కీర్తనయు పాడగలదు. వారమునకు ఒక్క వచనము నేర్చుకొన్నను ఏడాదికి ఏబదిరెండు వచనములు మన సొత్తు అగును. వాటిని ఏ దొంగయు దోచుకొనలేడు.

మూడవది, ఇచ్చుట. దీనిని గూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాసెను. బీదవానియొద్ద కానుక అడుగుట క్రూరమని కొందరు తలంచిరి. ఆయన అట్లు తలంచలేదు. బీదవానికి ఇచ్చు భాగ్యమును తీసివేయుట అతనిని జీవితాంతము బిచ్చగానిగా ఉంచుటయే అని ఆయన తలంపు. కానుక పన్ను కాదు, ఆరాధన. మన తెలుగు సంఘములలో తల్లులు అన్నము వండునప్పుడెల్ల దేవునికని ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసిపెట్టు అలవాటు ఈ బోధకు చక్కని ఉదాహరణము. పొయ్యియొద్దనే ప్రతిదినము దేవుడు జ్ఞాపకమునకు వచ్చును. పిడికెడు బియ్యము సంఘమును పోషించుటకంటె, తీసిన చేతిని దేవునికి దగ్గర చేయుట గొప్ప సంగతి.

అయితే ఇచ్చట ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. మన సిరిసిల్లలో పనిలేక, అప్పుల బాధ తాళలేక, ప్రాణములు తీసికొనిన నేతపనివారి ఇండ్లు ఉన్నవి. అట్టి ఇంటి ముందర నిలిచి చందా బాకీ అడుగుట క్రైస్తవ ధర్మము కాదు. ఆ పిడికెడు బియ్యమే ఆ ఇంటికి నడిచి వెళ్లవలెను. పొరుగువాని ఆకలి తీర్చిన చేయి దేవుని చేతిని తాకును.

నాలుగవది, సాక్ష్యము. ఆయన ఒక చిన్న క్రియ నేర్పెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన చేయి తన తలమీదనే ఉంచుకొని, తాను బాప్తిస్మము పొందినవాడనని ఒప్పుకొని, పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో సువార్త చెప్పుటను గూర్చి పలికిన ఒట్టును తనదిగా పలుకవలెను. నీరు పడిన తలమీదనే చేయి పెట్టి ఒట్టు పెట్టుకొనిన మనిషి, ఆ మాట సులభముగా మరువలేడు. ఏటేట సాక్ష్య వారమునందు చదువురాని కూలివారు కూడ పొరుగూళ్లకు వెళ్లి ప్రభువు తమకు చేసిన మేలును చెప్పుచుండిరి. వారు త్రాగుడు మానుట, ఇండ్లు శుభ్రముగా ఉంచుకొనుట చూచి, ఇతర కులములవారును ప్రభువును గూర్చి విచారించిరి. 1912లో చిన్నదిగానుండిన ఆ అధ్యక్ష మండలము ఆయన కడవరి దినములకు రెండు లక్షల విశ్వాసులను దాటెను. ప్రభువును గూర్చి చెప్పుకొలది ఆయన మనకు మరింత నిజమగును. చెప్పక దాచుకొన్న విశ్వాసము మూత పెట్టిన దీపమువలె పొగచూరి ఆరిపోవును.

అయిదవది, సహోదరులతో ఏకమగుట. మాలలును మాదిగలును ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చి, గుడి దాటగానే వేరు వేరుగా కూర్చుండుట ఆయనకు మిక్కిలి దుఃఖము. ప్రక్కవానిని ముట్టనివాడు దేవుని ముట్టితినని చెప్పుకొనుట అబద్ధమని యోహాను మొదటి పత్రిక నాలుగవ అధ్యాయము తేటపరచుచున్నది. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనెరీ మహాసభలో అజరయ్యగారు దొరల ఎదుట నిలిచి ఇదే సంగతిని మరియొక రీతిగా చెప్పెను. త్యాగముతోను ధనముతోను వచ్చిన మిషనెరీలు భారతీయులకు స్నేహితులుగా కూడ ఉండవలెనని వేడుకొనెను. కొందరికి ఆ మాట కష్టముగా తోచెను. అయితే దొరలను అడిగినదానినే ఆయన తన సంఘమునందలి కులములవారిని కూడ అడిగెను. ఇతరుల తప్పు మాత్రమే చూపువాడు కాడు.

చూడకయే నమ్మిన ఫలము

సంఘములు విడివిడిగా ఉండుట ఆయన హృదయమునకు భారము. 1919లో తరంగంబాడిలో వివిధ సంఘముల గురువులు కూడి ఐక్యతకొరకు ఆలోచించినప్పటినుండి చివరివరకు ఆయన దానికొరకు పాటుపడెను. ఇరువది అయిదేండ్లు చర్చలు సాగెను. 1945 జనవరి 1న, నూతన సంవత్సర దినమున, ఆయన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. విత్తినవాడు కోతను చూడలేదు.

అయితే ఆ కోతలో మనకును పాలు కలదు. కరీంనగర్ ప్రాంతమున వెస్లియన్ మిషనెరీలు నాటిన సంఘములును, దోర్నకల్‌లో ఆంగ్లికనులు నాటిన సంఘములును ఆ ఐక్యతలోనే ఒకటైనవి. దోర్నకల్‌నుండి వేరుపడి 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలము ఏర్పడెను. ఏ మిషను నాటిన సంఘమువారమైనను, మనమీద ఆయన ప్రార్థనల ఋణము ఉన్నది.

ఈ నెల చేయదగిన పని

ప్రియులారా, అయిదు అడుగులు ఒక్క దినమున వేయవలెనని చూడకుడి. ఒకటి పట్టుకొనుడి. ఈ నెల ప్రతి కుటుంబమును రాత్రి అన్నమునకు ముందు కలిసి కూర్చుండి ఒక వచనము చెప్పుకొని, ఇంటనున్న ప్రతివారి పేరును, దూరదేశములో ఉన్నవారి పేరునుకూడ దేవుని ఎదుట పలుకుడి. దుబాయిలోనున్న కుమారుడు ఫోను చేసినప్పుడు డబ్బు మాటతోపాటు ఆ వచనమును అతనికి చెప్పుడి. వేల మైళ్ల అవతల గదిలో ఒంటిగా పండుకొను ఆ బిడ్డకు, తన ఇంటివారు ఈ రాత్రి తన పేరు దేవునితో చెప్పిరని తెలియుటకంటె గొప్ప ఓదార్పు ఏది?

చదువు మధ్యలో ఆగినవాడు, తండ్రిలేనివాడు, మన భాష రానివాడు దేవునికి దగ్గరైన కొలది దేవుడు అతనిద్వారా వేలమందిని దగ్గరకు తెచ్చుకొనెను. మనయొద్ద ఏమి లేదని దేవుడు అడుగడు. ఉన్నదానిని ఎవరి చేతిలో పెట్టితివని అడుగును.

ప్రార్థన

మా తండ్రీ, మా సాంచాలయొద్దను, మా పొలములలోను, మా పొయ్యిలయొద్దను నీవు ఉన్నావని మేము మరచితిమి. నీ దాసుడు అజరయ్యగారి బ్రదుకుకొరకు నీకు స్తోత్రములు. తెల్లవారగానే నిన్ను వెదకు మనస్సును, నీ వాక్యమును దాచుకొను హృదయమును, ఇచ్చుటకు తెరచిన చేతిని, నిన్ను గూర్చి చెప్పు నోటిని మాకు దయచేయుము. మా సంఘములో ప్రక్కవానిని దూరముగా ఉంచిన పాపమును క్షమింపుము. దూరదేశములలో ఉన్న మా బిడ్డలను కాపాడుము. అప్పులలో కుమిలిపోవు ఇండ్లకు మమ్మును సహాయకులుగా పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.