జంట పేరు వీడని సంగీత దర్శకుడు శంకర్

ఇద్దరు కళాకారులు కలిసి కూర్చిన పాట జనుల నోట చేరిన తరువాత అది ఆ ఇద్దరి సొత్తుగా మిగలదు. పాటతోపాటు ఆ ఇద్దరి స్నేహాన్ని కూడా శ్రోతలు తమదిగానే భావించుకుంటారు. అందుచేతనే ఆ జంట విడిపోయిందని విన్ననాడు, ఎన్నడూ వారి ముఖం చూచి ఎరుగని శ్రోత సైతం తన ఇంటిలో అన్నదమ్ములు వేరుపడినట్లు కలత చెందుతాడు. హిందీ చలనచిత్ర సంగీతాన్ని రెండు దశాబ్దాలపాటు ఏలిన శంకర్-జైకిషన్ల విషయంలో జరిగినది ఇదే. ఆ జంటలో పెద్దవారైన శంకర్ మన హైదరాబాదులో పెరిగినవారు కావడంచేత వారి జీవితం మనకు మరింత ఆసక్తికరమైనది.

శంకర్‌సింగ్ రఘువంశీ 1922లో జన్మించారు. బాల్యంలో వారికి కుస్తీ మీద ఎంత మక్కువో తబలా మీద అంత మక్కువ. బాబా నసీర్‌ఖాన్ వద్ద తబలా అభ్యసించి, ఒక నాటక బృందంలో వాద్యకారుడుగా చేరి, ఆ తరువాత బొంబాయిలో పృథ్వీరాజ్ కపూర్ నెలకొల్పిన పృథ్వీ థియేటర్స్‌లో ప్రవేశించారు. అవకాశాల కొరకు ఒక గుజరాతీ దర్శకుని కార్యాలయానికి తిరుగుతున్న రోజులలో అక్కడ మరొక యువకుడు తారసపడ్డాడు. అతడే గుజరాత్‌లోని బాన్స్‌డా నుండి వచ్చిన హార్మోనియం వాద్యకారుడు జైకిషన్. శంకర్ అతనిని వెంటబెట్టుకొని వెళ్లి పృథ్వీ థియేటర్స్‌లో చేర్పించారు. ఒకరిది తాళం, మరొకరిది స్వరం. ఆ రెండూ కలిసిన ముహూర్తం మంచిది.

1949లో రాజ్ కపూర్ తన ‘బర్సాత్’ చిత్రానికి ఈ కొత్తవారిద్దరినీ సంగీత దర్శకులుగా నియమించారు. గీత రచయితలుగా శైలేంద్ర, హస్రత్ జైపురి వారితో చేరారు. లయ విషయంలో దత్తారామ్, వాద్యగోష్ఠి అమరికలో గోవాకు చెందిన సెబాస్టియన్ వారికి కుడి ఎడమ భుజాలైనారు. మతము, భాష, ప్రాంతము వేరువేరైన ఇందరు ఒక్క పాట కొరకు ఒకచోట కూర్చొనడం ఆ బృందపు విశిష్టత. ‘ఆవారా’ (1951), ‘శ్రీ 420’ (1955), ‘చోరీ చోరీ’ (1956), ‘బసంత్ బహార్’ (1956), ‘అనారి’ (1959), ‘సంగమ్’ (1964) మొదలైన చిత్రాలలోని పాటలు దేశపు ఎల్లలు దాటి పోయాయి. ఫిలింఫేర్ బహుమతి ఈ జంటను 9 పర్యాయములు వరించింది. 1968లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది.

శంకర్ హైదరాబాదును మరువలేదు అనడానికి నిదర్శనం ‘శ్రీ 420’లోనే ఉన్నది. అందులో ఒక పాట పల్లవి రామయ్యను వస్తావా అని పిలిచే తెలుగు మాటలతో మొదలవుతుంది. తెలుగు తెలియని కోట్లాది జనులు ఆ మాటలను నేటికీ పాడుకుంటున్నారు. 1971లో ఎన్.టి. రామారావు నటించిన తెలుగు చిత్రం ‘జీవిత చక్రం’కు కూడా ఈ జంటయే సంగీతం సమకూర్చింది.

బుధవారం రాత్రి సిలోన్ రేడియోలో అమీన్ సయానీ సమర్పించే బినాకా గీత్‌మాలా కొరకు చెవులు రిక్కించుకొని కూర్చున్న తరానికి శంకర్-జైకిషన్ అనేది ఒకే పేరు. ఏ బాణీ ఎవరిదన్న ప్రశ్న వారికి తోచేది కాదు. అది బయటపెట్టరాదని ఆ మిత్రులిద్దరూ తమలో తాము ఒడంబడిక చేసుకొన్నారని ప్రసిద్ధి. ‘సంగమ్’ వచ్చిన కాలంలో అందులోని ఒక ప్రసిద్ధ ప్రేమగీతం తన బాణీయేనని జైకిషన్ ఒక పత్రికలో వెల్లడించడంతో శంకర్ మనస్సు నొచ్చుకొన్నదని చెబుతారు. అనంతరం శారద అనే నూతన గాయనిని శంకర్ ప్రోత్సహించగా, జైకిషన్‌కు అది రుచించలేదు. 1966 డిసెంబరులో శైలేంద్ర అకాల మరణం చెందారు. నలుగురిలో ఒకరు తగ్గిన ఆ గూటిలో వెలితి మరింత పెరిగింది. క్రమంగా ఇద్దరూ వేరువేరుగా బాణీలు కట్టసాగారు. అయినను తెరమీద పేరు మాత్రం జంటగానే కనిపించేది.

ఈ వార్త పొక్కిన తరువాత అభిమానుల ధోరణి గమనింపదగినది. మొదట వారు నమ్మలేదు. తెరమీద రెండు పేర్లూ కలిసియున్నవి కదా అని తమను తాము ఓదార్చుకొన్నారు. పిమ్మట పాత పాటలను పంచడం ప్రారంభించారు. శైలేంద్ర రచన అయితే శంకర్‌దనీ, హస్రత్ రచన అయితే జైకిషన్‌దనీ లెక్కలు వేశారు. నాట్యప్రధానమైనది ఒకరి వాటా. సుకుమారమైన ప్రేమగీతం, నేపథ్య సంగీతం మరొకరి వాటా. ఈ లెక్కలు పూర్తిగా నిజము కావు, పూర్తిగా అబద్ధమూ కావు. కాని ఆస్తి పంచుకొన్నట్లు పాట పంచుకొనడం సాధ్యమా? ఒకరు కట్టిన బాణీని మరొకరు విని తల ఊపిన క్షణంలోనే అది ఇద్దరిదీ అయిపోయింది.

1971 సెప్టెంబరు 12న జైకిషన్ కాలేయవ్యాధితో కన్నుమూశారు. బొంబాయిలో ఆయన నిత్యమూ కూర్చొనే గేలార్డ్ హోటలులోని బల్లను కొంతకాలంపాటు మరెవరికీ ఇవ్వక, దానిమీద దీపం వెలిగించి ఉంచారని చెప్పుకుంటారు. పోయినవారిమీద అభిమానం అట్లు వెల్లువెత్తింది. మిగిలినవారి విషయంలో మాత్రం లోకం కఠినంగా ప్రవర్తించింది. ‘బాబీ’ (1973) చిత్రానికి రాజ్ కపూర్ లక్ష్మీకాంత్-ప్యారేలాల్‌లను తీసుకొన్నారు. ‘బే-ఈమాన్’ (1972)కు బహుమతి లభించినా, ‘సన్యాసి’ (1975) పాటలు జనాదరణ పొందినా, శంకర్ కూర్చిన ప్రతి పాటలోను శ్రోతలు లేని జైకిషన్‌నే వెదకినారు.

ఇక్కడనే శంకర్ వ్యక్తిత్వం మనకు గోచరిస్తుంది. స్పర్ధ వచ్చినది నిజం. మనస్సులు విరిగినది నిజం. జైకిషన్ మరణానంతరం తన పేరు ఒక్కటే వేసుకొన్నా ఆక్షేపించువారు లేరు. అయినను దాదాపు 16 సంవత్సరాలు, తాను ఒంటరిగా శ్రమించిన ప్రతి చిత్రంలోను శంకర్-జైకిషన్ అనియే వేయించారు. అభిమానులు పాటలను రెండుగా చీల్చుతున్న కాలంలో, చీల్చడానికి అందరికంటె ఎక్కువ హక్కు కలిగిన వ్యక్తి అందుకు అంగీకరించలేదు.

1987 ఏప్రిల్ 26న శంకర్ మరణించారు. ఒకనాడు వారి గది ముందు నిరీక్షించిన చిత్రపరిశ్రమకు వార్త చేరకముందే, కొద్దిమంది ఆప్తుల సమక్షంలో అంత్యక్రియలు ముగిశాయి. జంట విడిపోయినదని ఇన్నేళ్లు దుఃఖించిన మనము, మిగిలియున్న వానిని ఆదరించడం మరచితిమి. ఇది శంకర్ ఒక్కరి కథ కాదు.

విద్యార్థి మిత్రులారా! కళాశాలలో మనమందరమూ ఏదో ఒక బృందంలో ఉన్నాము. నాటకంలో, చర్చాగోష్ఠిలో, ఆటస్థలంలో, ఈ పత్రిక తయారీలో సైతం ఒకరి శ్రమ మరొకరి శ్రమలో కలిసిపోతున్నది. రేపు మార్గాలు వేరుపడవచ్చు, మాట పట్టింపులూ రావచ్చు. అట్టి రోజున, కలిసి చేసిన పనిమీద మిత్రుని పేరు చెరపకుండా ఉంచగలిగితే హైదరాబాదు శంకర్ జీవితం మనకు పాఠమైనట్లే.