డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు

వృత్తిలో పేరు గడించినవారు పెక్కుమంది కలరు. తాము చేపట్టిన వృత్తికి గౌరవము సంపాదించి పెట్టినవారు కొలదిమంది మాత్రమే. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు ఈ రెండవ కోవకు చెందిన మహనీయులు.

లక్ష్మీపతిగారు 1880వ సంవత్సరమున పశ్చిమగోదావరి ప్రాంతమందలి మాధవవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదివి ఎం.బి.సి.ఎం. పట్టము పొందిరి. ఆ కాలమున ఆ పట్టము గలవానికి ధనమునకు గాని, మర్యాదకు గాని లోటుండెడిది కాదు. దొరతనమువారి కొలువు చేసికొనుచు సుఖముగా కాలము గడపవచ్చును. లక్ష్మీపతిగారు ఆ త్రోవ త్రొక్కలేదు.

అప్పుడు మద్రాసునందు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికా మండలి తెలుగువారికి శాస్త్రగ్రంథముల నందించుచుండెను. ఇంగ్లీషు రాని పల్లెటూరివానికి సైతము శాస్త్రము తెలియవలెననునదే ఆ మండలివారి సంకల్పము. లక్ష్మీపతిగారు ఆ కృషిలో పాలుపంచుకొని, జీవశాస్త్రమును గూర్చియు, కలరా మొదలగు వ్యాధులను గూర్చియు సులభమైన తెలుగున గ్రంథములు వ్రాసిరి. మన గ్రంథాలయోద్యమము తొలినాళ్లలో బీరువాలను నింపినవి అట్టి గ్రంథములే.

మద్రాసునందే పండిత దీవి గోపాలాచార్యులవారు ఆయుర్వేద కళాశాల నడుపుచుండిరి. ఎం.బి.సి.ఎం. పట్టము గల లక్ష్మీపతిగారు ఆ పండితుని ఆశ్రయించి ఆయుర్వేదము నభ్యసించిరి. ఇందలి సాహసము నేటివారికి వెంటనే తోచకపోవచ్చును. 1914లో మద్రాసు రాజధానిలో వైద్యుల నమోదు చట్టము వచ్చెను. ఆ పట్టికలో పాశ్చాత్య వైద్యము చదివినవారికే చోటు. తరతరములుగా వైద్యము చేయు ఆయుర్వేదులకు చోటు లేదు. పట్టికలోని డాక్టరు ఆయుర్వేద సంస్థలతో పొత్తు పెట్టుకొనిన యెడల వృత్తిదోషముగా నెంచబడు భయము కూడ ఉండెను. బొంబాయిలో ఆయుర్వేద కళాశాలతో సంబంధము గల యొక డాక్టరు పేరు పట్టికనుండి తొలగింపబడెను కూడ. అట్టి దినములలో లక్ష్మీపతిగారు ఆయుర్వేదము వంక నిలచిరి.

ఈ వివాదము పట్టణములకు మాత్రమే సంబంధించినది కాదు. మన పల్నాటి సంగతియే చూడుడు. మాచర్ల, గురజాల ప్రాంతముల పల్లెలకు ఆ కాలమున డాక్టరు బహుదూరము. జ్వరము తగిలినను, పసిబిడ్డకు కడుపు నొచ్చినను ఊరి వైద్యుడే దిక్కు. ఆయన కల్వములో నూరి యిచ్చిన మాత్రయే మందు. శొంఠి, పిప్పలి, కరక్కాయలే సామగ్రి. చట్టము దృష్టిలో ఆ వైద్యునికి స్థానము లేనిచో ఆయనకు శిక్షణ నిచ్చువారుండరు, తప్పు చేసినప్పుడు దిద్దువారును ఉండరు. నష్టపడునది రోగియే.

1918లో దొరతనమువారు దేశీయౌషధములను పరిశోధింప డాక్టరు కోమన్‌గారిని నియమించిరి. వారి నివేదిక ఆయుర్వేదమునకు ప్రతికూలముగా నుండుటచే వైద్యులలో కలవరము పుట్టెను. 1920లో గోపాలాచార్యులవారు గతించిరి. గురువు మోసిన బరువు శిష్యుని భుజములపై పడెను. కళాశాల బాధ్యతను లక్ష్మీపతిగారు వహించిరి. 1921లో ఉస్మాను సంఘము నియమింపబడెను. దాని సిఫారసుల ఫలితముగా 1925లో మద్రాసున ప్రభుత్వ దేశీయవైద్య పాఠశాల వెలసెను.

దేశమంతటి ఆయుర్వేదులకు అఖిల భారత ఆయుర్వేద మహాసమ్మేళనము అను సంస్థ కలదు. 1907లో శంకర దాజీ శాస్త్రి పదేగారు నాసికయందు దీనిని స్థాపించిరి. దీని అధ్యక్షపదవి అలంకారము కొరకైనది కాదు. నానా రాష్ట్రముల వైద్యులను ఒక్క త్రాటిపై నడుపవలెను, ప్రభుత్వముతో వాదింపవలెను. పైగా వైద్యులలోనే రెండు పక్షములుండెను. శుద్ధాయుర్వేదమునే బోధింపవలెనని కొందరు, పాశ్చాత్య శాస్త్రమును కలిపి బోధింపవలెనని మరికొందరు. డాక్టరు పట్టము గలవాడు వైద్యులకు నాయకుడగుటను మొదటి పక్షము శంకింపవచ్చును; ఆయుర్వేదము పట్టినవానిని తోడి డాక్టర్లు చులకన చేయవచ్చును. ఇట్టి స్థితిలో లక్ష్మీపతిగారు ఆ మహాసంస్థకు అధ్యక్షులైరి. శవచ్ఛేదము మొదలు చరకసుశ్రుతముల వరకు రెండింటిని గురుముఖమున నేర్చినవారగుటయే వారి బలము. ఒక తెలుగువానికి ఇట్టి గౌరవము దక్కుట తెలుగువారందరికి గర్వకారణము.

పదవి లభించినంత మాత్రమున వారు విశ్రమింపలేదు. మద్రాసు సమీపమున ఆవడిలో ఆరోగ్యాశ్రమమును నడిపిరి. ఆయుర్వేద శిక్ష యను పేర విపులమైన గ్రంథములు వెలయించిరి. రోగము వచ్చిన పిదప మందు వెదకుటకంటె, దినచర్య, వ్యాయామము, మితాహారములచే రోగము రాకుండ జూచుకొనుటయే మేలని ప్రచారము చేసిరి.

వారి ధర్మపత్ని రుక్మిణీ లక్ష్మీపతిగారును దేశసేవకురాలే. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగిరి. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గమున ఆరోగ్యశాఖ వహించి, మద్రాసు రాజధానిలో తొలి మహిళా మంత్రియైరి. 1951లో ఆమె స్వర్గస్థురాలైరి. లక్ష్మీపతిగారు 1962లో పరమపదించిరి.

వారు కోరిన కార్యము వారి జీవితకాలమున పూర్తి కాలేదు. 1970లో గాని దేశమంతటికి వర్తించు దేశీయవైద్య మండలి చట్టము రాలేదు. ఆ చట్టముచే ఆయుర్వేదుల చదువునకు ఒక ప్రమాణము, పేర్లకు కేంద్రపట్టిక ఏర్పడెను. నేడు క్రిమిజన్య వ్యాధులకు, శస్త్రచికిత్సకు ఆధునిక వైద్యము ఎంత యవసరమో ఎల్లరు నెరుగుదురు. లక్ష్మీపతిగారును ఆ విద్యను నేర్చి, దానిని గూర్చి తెలుగున వ్రాసినవారే. ఒక విద్యను ప్రేమించుటకు మరియొక విద్యను ద్వేషింప నక్కరలేదని వారి జీవితము చాటుచున్నది. పెద్దపదవి నాశించువాడు ముందుగా ఆ పదవికి తగిన చదువు చదువవలెననియు, పదవి దక్కిన పిదప పల్లెయందలి రోగిని మరువరాదనియు వారి చరిత్రమునుండి మన గ్రంథాలయ పాఠకులు గ్రహింతురు గాక.