జిమ్ రీవ్స్ – 1960 నాటి టెలిఫోను పాట

ప్రత్యేక సంచికలో గతించిన ప్రముఖుల జీవితాలు వేద్దామని, సభ్యులు తలా ఒకరిని గురించి రాయాలని కార్యవర్గం నిర్ణయించగానే మిత్రులు దేశనాయకులను, వాగ్గేయకారులను, సంఘసంస్కర్తలను పంచేసుకున్నారు. నేను ఒక అమెరికా పాటగాడిని కోరుకున్నాను. కొందరికి ఇది విడ్డూరంగా తోచవచ్చు. ట్రంకు ఎక్స్ఛేంజిలో నాతో పనిచేసినవారు మాత్రం ఆశ్చర్యపోరు. మా బోర్డు మీద పనిచేసిన ఆంగ్లో ఇండియన్ సోదరీమణుల నోటనే నేను జిమ్ రీవ్స్ పేరు మొదటిసారి విన్నాను. రాత్రి రేడియో సిలోన్‌లో ఆయన పాట వచ్చిందంటే మర్నాడు డ్యూటీలో అదే మాట. పైగా ఆయనకు లోకమంతటా పేరు తెచ్చిన పాట మొదలు నుంచి చివరి దాకా ఒక టెలిఫోను కాల్. మన శాఖవాళ్లం దానిమీద కొంచెం హక్కు చెప్పుకుంటే తప్పులేదు.

ముందుగా కంట్రీ సంగీతం గురించి రెండు ముక్కలు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో, కొండ ప్రాంతాల్లో పుట్టిన పాటలివి. ఫిడేలు, బాంజో, గిటారు ముఖ్య వాద్యాలు. పొలం పని, రైలు ప్రయాణం, తాగుడు, విడిపోయిన ఆలుమగలు, దేవుడు – విషయాలు చాలావరకు ఇవే. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ దీనికి రాజధాని. అక్కడి రేడియోలో 1925లో మొదలైన గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. పాతతరం గాయకులు గొంతెత్తి, కాస్త ముక్కుతో పాడేవారు. మైకు సరిగా లేనిచోట వెనుక వరుసలకు వినపడాలంటే మరి అలాగే పాడాలి. మన పద్యనాటకాల నటులు చివర కూర్చున్నవాడి కోసం రాగం సాగదీయలేదూ, ఇదీ అంతే.

జేమ్స్ ట్రావిస్ రీవ్స్ 1923 ఆగస్టు 20న టెక్సస్ రాష్ట్రంలో కార్తేజ్ పట్టణం దగ్గరి గాలోవే అనే పల్లెలో పుట్టారు. పెద్ద కుటుంబం, ఈయన కడగొట్టు బిడ్డ. పసితనంలోనే తండ్రి పోయారు, సంసారం తల్లి మీద పడింది. కుర్రవాడికి పాట మీద కన్నా బేస్‌బాల్ మీద ధ్యాస ఎక్కువ. ఆ ఆట చలవతోనే టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉపకారవేతనంతో సీటు వచ్చింది. ఆరు వారాలు తిరగకుండా చదువు మానేసి హ్యూస్టన్ ఓడల కర్మాగారంలో పనికి చేరారు. 1944లో సెయింట్ లూయీ కార్డినల్స్ అనే పెద్ద జట్టు తన అనుబంధ జట్టులోకి తీసుకుంది. ఈయన పిచర్, అంటే మన క్రికెట్ లెక్కలో బౌలరు. మూడేళ్లు ఆడేసరికి బంతి విసురుతుండగా నడుము నుంచి కాలికి దిగే నరం దెబ్బతింది. అక్కడితో ఆట ముగిసింది.

1947లో మేరీ వైట్ అనే అమ్మాయితో వివాహమైంది. ఆ మేరీ గారి గురించి చివర్లో చెప్పవలసింది చాలా ఉంది.

ఆట పోయిన మనిషికి రేడియోలో అనౌన్సరు ఉద్యోగం దొరికింది. మొదట టెక్సస్‌లోని హెండర్సన్ అనే చిన్న ఊళ్లో, తరువాత లూయిసియానా రాష్ట్రం ష్రీవ్‌పోర్ట్‌లోని పెద్ద స్టేషనులో. ఆయన జీవితచరిత్ర రాసేవారు ఈ భాగాన్ని నాలుగు వాక్యాల్లో దాటేస్తుంటారు. నాకు మాత్రం ఆయన అసలు సంగీత పాఠశాల ఇదేననిపిస్తుంది. అనౌన్సరు సభనుద్దేశించి మాట్లాడడు, ఇంట్లో ఒంటరిగా కూర్చుని వింటున్న ఒకే ఒక మనిషితో మాట్లాడతాడు. మైకుకు ఎంత దగ్గరగా ఉండాలి, ఏ అక్షరం దగ్గర ఊపిరి తగ్గించాలి అన్నది రోజూ చేసే పనిలో అబ్బుతుంది. ఎక్స్ఛేంజిలో మనకూ ఇది అనుభవమే. లైను బలహీనంగా ఉందని కేకలు పెట్టేవాడి మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. మౌత్‌పీసు దగ్గరగా పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడినవాడి మాట ఎంత దూరమైనా స్పష్టంగా చేరేది.

ష్రీవ్‌పోర్ట్ స్టేషను వారు శనివారాల్లో లూయిసియానా హేరైడ్ అనే పాటల సభ జరిపేవారు. 1952లో ఒక రాత్రి పాడవలసిన గాయకుడు రాలేదు. ఆ రానివాడు ఎవరన్న దానిపై రెండు కథనాలున్నాయి. మొత్తానికి ప్రకటనలు చదివే రీవ్స్‌నే వేదిక ఎక్కించారు. మర్నాటి సంగతులు త్వరగానే సాగాయి. 1953లో అబాట్ అనే చిన్న కంపెనీకి పాడిన మెక్సికన్ జో కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. దాని వెనుకే బింబో. ఇవి హుషారు పాటలు, గట్టిగా పాడినవి. 1955లో ఆర్.సి.ఎ. విక్టర్ కంపెనీ ఆయనను తీసుకుంది, అదే ఏడాది గ్రాండ్ ఓల్ ఓప్రీలోనూ చోటు దొరికింది.

ఇక అసలు మలుపు 1957. ఫోర్ వాల్స్ అనే పాట ఆయనకు నచ్చింది. రికార్డింగు చూసే చెట్ అట్కిన్స్ గారు స్వయంగా గొప్ప గిటారు విద్వాంసులు. ఆయన అది ఆడవాళ్లు పాడవలసిన పాట అనుకున్నారు. రీవ్స్ పట్టు విడవలేదు. పాడేటప్పుడు గొంతు బాగా తగ్గించి, పెదవులు మైకుకు దాదాపు తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. కంట్రీ గాయకుడు ఇలా గుసగుసగా పాడితే కొనేదెవరని కంపెనీలో అభ్యంతరాలు వచ్చాయి. అట్కిన్స్ ఈయన పక్షాన నిలిచారు. పాట కంట్రీ జాబితాలో మొదటి స్థానం చేరడమే కాదు, అన్ని రకాల పాటలు కలిసే పాప్ జాబితాలోనూ పైకి పాకింది.

ఇందులో ఒక సాంకేతిక రహస్యం ఉంది. కొన్ని రకాల మైకులకు నోరు బాగా దగ్గరగా వస్తే కంఠంలోని మంద్రస్థాయి ఉన్నదానికన్నా ఎక్కువగా పలుకుతుంది. రీవ్స్ గొంతు సహజంగానే నిండైనది. దానికి ఇదీ తోడైతే పాడేవాడు మన గదిలో, మన కుర్చీ పక్కనే ఉన్నట్టుంటుంది.

ఇప్పుడు టెలిఫోను పాట. హీల్ హావ్ టు గో రాసినది జో ఆలిసన్, ఆడ్రీ ఆలిసన్ దంపతులు. ఆడ్రీ గారిది చిన్న గొంతు. ఫోనులో ఆమె మాట వినపడక, నోరు ఇంకాస్త దగ్గరగా పెట్టి మాట్లాడమని భర్త అడిగేవారట. ఆ మాటే పాటకు బీజం. కథ ఇంతే: ఒకడు ఏదో మద్యశాల నుంచి తన ప్రియురాలికి ఫోను చేస్తాడు. ఆమె పక్కన ఇంకెవరో ఉన్నారని అతనికి తెలుస్తుంది. ఆమె ఏదీ పైకి చెప్పలేని స్థితి. అతను కేకలు వేయడు, నిందించడు. దగ్గరగా మాట్లాడమంటాడు, ఉన్నవాడిని పంపాలో తాను ఫోను పెట్టేయాలో తేల్చమంటాడు. జవాబు మనకు వినపడదు. లైనుకు ఒక చివర మాత్రమే మనం ఉన్నాం. డ్యూటీలో పొరపాటున చెవిన పడిన సగం సంభాషణలు మనలో ఎవరికి గుర్తులేవు!

1959 అక్టోబరులో నాష్‌విల్‌లో ఇది రికార్డయింది. ఫిడేలు లేదు, స్టీలు గిటారు లేదు. ఫ్లాయిడ్ క్రేమర్ పియానో, మెత్తని వైబ్రఫోను, వెనుక అనితా కెర్ బృందం గొంతులు. కంపెనీ దీన్ని అంత లెక్కలోకి తీసుకోలేదు. రికార్డు ముందువైపు ఇన్ ఎ మాన్షన్ స్టాండ్స్ మై లవ్ అనే వేరే పాట వేసి, దీన్ని వెనుకవైపు పెట్టింది. రేడియో వాళ్లు పళ్లెం తిరగేసి వెనుకవైపే వాయించసాగారు. ఇప్పుడు ఆ ముందువైపు పాట ఎవరికీ జ్ఞాపకం లేదు.

బిల్‌బోర్డ్ పత్రిక వారంవారం ప్రకటించే కంట్రీ జాబితాలో 1960 ఒక విచిత్రమైన సంవత్సరం. ఏడాది మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచినవి ఐదే పాటలు. సంవత్సరం మొదట్లో మార్టీ రాబిన్స్ పాడిన ఎల్ పాసో ఉంది, నాలుగున్నర నిమిషాలు దాటిన తుపాకీ వీరుడి కథ. ఫిబ్రవరిలో దాన్ని దించి రీవ్స్ పాట ఎక్కి 14 వారాలు కదలలేదు. తరువాత హాంక్ లాక్లిన్ పాడిన ప్లీజ్ హెల్ప్ మి అయామ్ ఫాలింగ్, అదీ 14 వారాలే. అందులోనూ పియానో ఫ్లాయిడ్ క్రేమర్‌దే. పక్క స్వరం మీద పడి అసలు స్వరానికి జారినట్టుండే ఆయన వాయింపు ఆ పాటతోనే అందరి చెవినా పడింది. ఆపైన కౌబాయ్ కోపాస్ పాడిన అలబామ్, ఏడాది చివర ఫెర్లిన్ హస్కీ భక్తిగీతం వింగ్స్ ఆఫ్ ఎ డవ్. పాప్ జాబితాలో కూడా రీవ్స్ రెండో స్థానం దాకా వెళ్లారు. పెర్సీ ఫెయిత్ వాద్యబృందం వారి మాటలు లేని బాణీ ఒకటి మొదటి స్థానంలో అడ్డుగా కూర్చుంది. ఆ ఏడాదే జీన్ బ్లాక్ అనే గాయని, ఫోను అవతలి వైపున్న ఆమె ఇచ్చే జవాబుగా ఒక పాట పాడింది. అందులో ఆమె పాతవాడికి స్వస్తి చెప్పి పక్కనున్నవాడినే ఉంచుకుంటుంది. అదీ బాగానే అమ్ముడుపోయింది.

ఈ మెత్తదనం అందరికీ రుచించలేదు. ఫిడేలు తీసేసి, రైతుపాటకు కోటు తొడిగారని పాతకాలపు అభిమానులు నొచ్చుకున్నారు. వారి మాటలో సగం నిజం ఉంది. రీవ్స్ చివరి రోజుల రికార్డుల్లో కొన్నిట్లో వయొలిన్ల పాకం మరీ ఎక్కువై నాకే మొహం మొత్తుతుంది. కాని ఆ మెత్తదనమే ఆయనను సముద్రాలు దాటించింది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవారికి కూడా ఆయన పలికే ప్రతి మాటా తెలుస్తుంది. మన దేశంలో, శ్రీలంకలో ఆయనకు అంత ఆదరణ రావడానికి ఇదొక కారణమని నా నమ్మకం. ఆయన భక్తిగీతాలు, 1963లో వచ్చిన క్రిస్మస్ పాటలు మన క్రైస్తవ కుటుంబాల్లో ఎందరికో పరిచయమే. దక్షిణాఫ్రికాలో అక్కడి ఆఫ్రికాన్స్ భాషలోనే పాటలు రికార్డు చేశారు, కింబర్లీ జిమ్ అనే సినిమాలో నటించారు. మనిషి మాత్రం పాట అంత మెత్తన కాదు. 1963లో ఐర్లండు పర్యటనలో హాళ్లలోని పియానోలు శ్రుతిలో లేవని ఆయన చేసిన రభస అక్కడివారు చాలాకాలం చెప్పుకున్నారు.

1964 జూలై 31. ఒక స్థలం బేరం నిమిత్తం ఆర్కన్సా రాష్ట్రంలోని బేట్స్‌విల్ వెళ్లి, తన పియానో వాద్యకారుడు డీన్ మాన్యుయెల్‌తో కలిసి ఒంటి ఇంజను విమానంలో నాష్‌విల్‌కు తిరిగి వస్తున్నారు. నడుపుతున్నది ఆయనే. నాష్‌విల్ దాదాపు చేరాక ఉరుములతో కూడిన పెద్ద వానలో విమానం చిక్కుకుని బ్రెంట్‌వుడ్ దగ్గర చెట్లలో కూలింది. వెతకడానికి రెండు రాత్రులు పట్టింది. వెతికినవారిలో మార్టీ రాబిన్స్ కూడా ఉన్నారు, 1960లో ఈయన మొదటి స్థానం నుంచి దించింది ఎవరి పాటనో ఆ రాబిన్సే. ఆగస్టు 2 ఉదయం శవాలు దొరికాయి. రీవ్స్‌కు 41 నిండడానికి ఇంకా మూడు వారాలుంది. ఆ ఐదు పాటల గాయకుల్లో కౌబాయ్ కోపాస్ అంతకు ముందటేడే, 1963 మార్చిలో, గాయని పాట్సీ క్లైన్‌తో పాటు ఇలాంటి చిన్న విమానంలోనే పోయారు.

పిల్లలు లేరు. మిగిలింది మేరీ గారు, రికార్డు చేసి బయటపెట్టని పాటల టేపులు. ఆమె ఆ టేపులను ఒక్కసారిగా కుమ్మరించలేదు. జాగ్రత్తగా, కొద్దికొద్దిగా విడుదల చేయించారు. మరణానంతరం ఆయన పాటలు ఆరు కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లాయి. వాటిలో డిస్టెంట్ డ్రమ్స్ సంగతి ప్రత్యేకం. సిండీ వాకర్ రాసిన ఆ పాటను బతికుండగా నమూనాగా పాడి పక్కన పెట్టారు. ఆయన పోయాక ఆ గొంతు చుట్టూ కొత్తగా వాద్యాలు చేర్చి 1966లో విడుదల చేస్తే, బీటిల్స్ కాలంలో ఇంగ్లండులో ఐదు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. యుద్ధానికి వెళ్లబోయేవాడు ప్రియురాలిని త్వరగా పెళ్లాడమని అడిగే పాట అది, వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజులు. 1967లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

చనిపోయిన మనిషి గొంతుతో వ్యాపారమేమిటని మేరీ గారిని తప్పుపట్టినవారున్నారు. నేను ఒప్పుకోను. భర్త చేసి పెట్టిన పని పాడైపోకుండా చూసి, దానిమీద వచ్చినదానితో గౌరవంగా బతకడం తప్పెలా అవుతుంది? మన సంఘంలో ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే సోదరీమణులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. పైగా ఆ టేపుల్లో ఉన్నది ఆయన ఇష్టపడి పాడిన పాటలే. అయితే 1981లో కంపెనీ చేసిన పని నాకు నచ్చలేదు. జీవితంలో ఎన్నడూ కలిసి రికార్డు చేయని జిమ్ రీవ్స్, పాట్సీ క్లైన్‌ల వేర్వేరు టేపుల నుంచి గొంతులు విడదీసి, ఒకే శ్రుతికి తెచ్చి, యుగళగీతంగా అతికించారు. నేర్పుగానే అతికించారు. అయినా వింటుంటే ఒకరి మాట ఒకరు వింటున్నట్టుండదు, క్రాస్ కనెక్షన్‌లా ఉంటుంది.

మేరీ గారు 1999లో కన్నుమూశారు. రీవ్స్ సమాధి కార్తేజ్ ఊరి వెలుపల రోడ్డు పక్కన ఉంది, నిలువెత్తు విగ్రహంతో.

వినాలనుకునే సభ్యులు మనవళ్లనో మనవరాళ్లనో అడిగితే సెల్‌ఫోనులో క్షణంలో వెతికిపెడతారు. మొదట ఫోర్ వాల్స్, తరువాత హీల్ హావ్ టు గో, ఆపైన డిస్టెంట్ డ్రమ్స్ – ఈ వరుసలో వినండి. శబ్దం బాగా తగ్గించుకోండి. వినికిడి యంత్రం పెట్టుకునే మిత్రులకు కూడా ఆ గొంతు ఇబ్బంది పెట్టదు, నేను విని చూశాను.