లెక్కకు అందని పాదయాత్ర

వేసవి సెలవులు రాగానే మన సంఘాల యౌవనస్థులు బృందాలుగా సిమ్లాకో మనాలికో ప్రయాణం కడుతున్నారు. మంచును చూడాలి, ఫొటోలు తీసుకోవాలి, నాలుగు రోజులు చల్లగా ఉండి రావాలి. ఇందులో తప్పేమీ లేదు. పర్వతాలను నిలిపినవాడు మన దేవుడే. అయితే సిమ్లా దాకా వెళ్లేవారికి అక్కడి నుండి ఇంకా పైకి సాగే ఒక పాత దారిని, ఆ దారిన నడిచిన ఒక మనిషిని గుర్తు చేయాలని ఈ వారం మాకు అనిపించింది.

ఆ దారి పేరు హిందుస్థాన్-టిబెట్ రోడ్డు. ఆంగ్లేయుల కాలంలో, 1850లో పని మొదలైంది. నార్కండా, రాంపూర్ బుషహర్, కిన్నౌర్ మీదుగా సట్లెజ్ నది లోయ వెంట టిబెట్ సరిహద్దుకు చేరుతుంది. ఆ మనిషి సాధు సుందర్ సింగ్.

ఆయన 1889 సెప్టెంబరు 3న పటియాలా సంస్థానంలోని రాంపూర్ గ్రామంలో, కలిగిన సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇది పంజాబు మైదానంలోని రాంపూర్, కొండల్లోని రాంపూర్ బుషహర్ వేరు. తల్లి భక్తిపరురాలు. కొడుకు సాధువు కావాలని ఆశపడింది. ఏడేళ్లకే ఆ బాలుడు భగవద్గీతను కంఠస్థం చేశాడని చెబుతారు. పద్నాలుగో ఏట తల్లి చనిపోయింది. ఆ దుఃఖం కోపంగా మారింది. మిషన్ బడిలో చదువుతూనే క్రైస్తవులను ద్వేషించాడు, సువార్త గ్రంథాన్ని చించి నిప్పుల్లో వేశాడు. అది 1904 డిసెంబరు. మనశ్శాంతి లేక, తెల్లవారేలోగా దేవుడు కనబడకపోతే రైలు కింద పడి చనిపోవాలని నిశ్చయించుకున్న రాత్రి ప్రభువు ఆయనకు ప్రత్యక్షమయ్యాడు. అప్పటికి ఆయన వయసు పదిహేను.

ఇంట్లోవారు వెలివేశారు. 1905లో, సరిగ్గా పదహారో పుట్టినరోజున, సిమ్లాలో బాప్తిస్మం పొందారు. నెల దాటిన కొద్ది రోజులకే కాషాయ వస్త్రం కట్టి, తలపాగా చుట్టి, ఒక దుప్పటి, ఒక కొత్త నిబంధన పట్టుకుని చెప్పులు లేకుండా బయలుదేరారు. తల్లి కోరిన సాధువే అయ్యారు, అయితే క్రీస్తు సాధువు. ఆ వస్త్రం చూసి పల్లెల్లో తలుపులు తీసేవారు. ఆయన చెప్పేది క్రీస్తును గురించి అని తెలిశాక కొందరు ఆ తలుపులే మూసేవారు.

సిమ్లాకు పైన ఉన్న కోట్‌గఢ్ ఆయనకు ఒక మజిలీ అయింది. అక్కడ శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా యువకుడు ఆయనకు తోడయ్యాడు. తర్వాతి కాలంలో ఆ కొండలకు అమెరికా ఆపిల్ అంట్లు తెచ్చి నాటినవాడు ఈ స్టోక్సే. సబాతులోని కుష్ఠు రోగుల ఆశ్రమంలో ఇద్దరూ సేవ చేశారు. 1908లో, పద్దెనిమిదేళ్ల వయసులో, సుందర్ సింగ్ మొదటిసారి టిబెట్ వైపు నడిచారు. అప్పటికి అక్కడి భాష కూడా రాదు. దారిలో పూ అనే ఊళ్లో ఉన్న మొరేవియన్ మిషనరీలు ఆదరించి, ఒక సహాయకుణ్ణి తోడిచ్చి పంపారు.

ఆ దారి పొడవునా కొండ ప్రజల జీవితం ఎలా ఉంటుందో తెలిస్తేనే ఆయన నడక విలువ మనకు అర్థమవుతుంది. కింది లోయల్లో పండుగ వస్తే గ్రామ దేవతలను పల్లకీలో ఎత్తుకుని, డోళ్లు, పొడవాటి బూరలు మోగిస్తూ ఊరి నుండి ఊరికి మోసుకెళతారు. చేతులు కలిపి వలయంగా ‘నాటీ’ ఆడతారు. రాంపూర్ బుషహర్‌లో నవంబరు వచ్చిందంటే లవీ సంత. టిబెట్ వర్తకులు ఉన్ని తెచ్చేవారు, కిన్నౌర్ వారు ఎండు పండ్లు తెచ్చేవారు. ఇంకా పైకి పోతే బౌద్ధుల దేశం. ప్రార్థనా మాటలు చెక్కిన రాళ్లతో కట్టిన గోడలు, కనుమల మీద రెపరెపలాడే రంగు జెండాలు, మఠాల్లో ముసుగు నాట్యాలు కనిపిస్తాయి. ఉప్పు, వెన్న వేసి చిలికిన టీ, వేయించిన బార్లీ పిండి, ఆ దారిన నడిచేవారి ఆహారం ఇదే. చలికాలంలో మంచు కనుమలను మూసేస్తుంది. అందుకే ఆయన ఎండాకాలంలో పైకి వెళ్లి, శీతాకాలంలో మైదానాలకు దిగివచ్చేవారు. చల్లని నీళ్లలో స్నానం చేసినందుకు, పవిత్రులు అలా చేయరని టిబెట్‌వారు ఆయనను అనుమానించారట. పరాయి ప్రజల మధ్య సాక్ష్యం చెప్పడంలో ఎంత నేర్చుకోవాలో ఈ చిన్న సంగతి చెబుతుంది.

మధ్యలో లాహోరులోని దైవశాస్త్ర కళాశాలలో కొద్ది నెలలు చదివారు. ప్రసంగించడానికి అనుమతి పత్రం దొరికింది. ఇక మీదట ఒకే సంఘ శాఖ పరిధిలో ఉండి బోధించాలని తెలిశాక, ఆ పత్రాన్ని బిషప్పుగారికి వినయంగా తిరిగి ఇచ్చేశారు. 1918లో దక్షిణ భారతానికి వచ్చారు. 1920లో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, 1922లో ఐరోపా దేశాలు ఆయన మాట విన్నాయి. వేలమంది మధ్య నిలబడి మాట్లాడి వచ్చినా, ఆయన మనసు మాత్రం ఆ మంచు దారి మీదే ఉంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆయన గురించి మన పీఠాల మీద వినిపించే సంగతులన్నీ ఒకే బరువు గలవి కావు. టిబెట్‌లో జరిగినవాటికి ఆయన తప్ప వేరే సాక్షులు దాదాపు లేరు. 1920లలోనే ఐరోపా పండితులు వాటి మీద గట్టిగా వాదించుకున్నారు. సెమినరీ రోజుల్లో ఆ వాదాలు చదివి మేమూ కలవరపడ్డాం. మంచు తుఫానులో పడిపోయిన మనిషిని మోసుకెళ్లగా ఆ ఒంటి వెచ్చదనమే ఇద్దరినీ బ్రతికించిందనీ, ఆగకుండా ముందుకు పోయిన తోటి ప్రయాణికుడు చలికి బిగుసుకుపోయి కనిపించాడనీ ఆయన చెప్పిన అనుభవం మనకందరికీ తెలిసిందే. దాన్ని మేమూ ప్రసంగాల్లో చెప్పాం. ఈ మధ్య చెప్పేటప్పుడు ఆయన చెప్పిన సంగతి అని కలిపి చెబుతున్నాం. దేవుని సేవకుణ్ణి గొప్ప చేయడానికి మనం సత్యానికి ఏమీ జతచేయనక్కరలేదు. నిశ్చయంగా తెలిసినదే చాలు.

నిశ్చయంగా తెలిసినదేమిటి? కంటి జబ్బు, గుండె బలహీనత వేధిస్తున్నా, వెళ్లవద్దని మిత్రులు చెప్పినా, 1929 ఏప్రిల్‌లో ఆయన సబాతులోని ఇల్లు విడిచి మళ్లీ టిబెట్‌కు బయలుదేరారు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. తిరిగి రాలేదు. స్నేహితులు దారి వెంట వెతికినా ఆచూకీ దొరకలేదు. 1933లో ప్రభుత్వం ఆయనను మరణించినవారిగా పరిగణించింది. సమాధి లేదు. ఆయన పేర ఒక సంఘ శాఖా లేదు. టిబెట్ సేవలో ఎంతమంది రక్షణ పొందారో చెప్పే పట్టికా లేదు.

ఈ మాట రాస్తుంటే మాకే సిగ్గు కలిగింది. ఈ పత్రికకు ప్రతి వారం సభల నివేదికలు వస్తాయి. హాజరు ఎంత, తీర్మానాలు ఎన్ని, బాప్తిస్మాలు ఎన్ని అని మేమే అడుగుతాం. అంకె పెద్దదైతే వార్తను పైన వేస్తాం, చిన్నదైతే కిందికి తోస్తాం. లెక్క రాయడం పాపం కాదు. కానీ లెక్క చూపలేని సేవను చిన్నచూపు చూడటం పాపమే. ఏజెన్సీ గ్రామాల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న కాపరి నివేదిక మా బల్ల మీద ఎన్నిసార్లు అడుగున పడి ఉంటుందో దేవునికి తెలుసు. సుందర్ సింగ్ టిబెట్ నివేదిక పంపి ఉంటే, మేము దాన్ని ఎక్కడ వేసి ఉండేవాళ్లం?

యౌవనస్థులారా, కొండలకు వెళ్లి రండి. మీ బరువు మోసే కూలి పేరు అడగండి. అతని ఊరి పండుగ ఎప్పుడో, వాళ్లు ఏం తింటారో, మంచు పడితే ఎలా బ్రతుకుతారో అడిగి తెలుసుకోండి. ఒక జనాన్ని ప్రేమించాలంటే మొదట వారి దారిన నడవాలి. తిరిగి వచ్చాక ఫొటోలతో పాటు ఆ పేరును కూడా మీ ప్రార్థనలోకి తీసుకురండి. ఆ ప్రార్థన ఫలం ఏ నివేదికలోనూ కనబడకపోవచ్చు. మంచు మీద పడిన అడుగులు మాపటికల్లా కప్పబడిపోయినా, వాటిని ఎరిగినవాడు ఒకడున్నాడు. మనకు అది చాలు.