సభను బ్రతికించిన నాటక పితామహుడు

అనంతపురపు పీఠభూమి మేఘములకై ఎదురుచూచుటకు అలవాటుపడిన సీమ. ఏటికి రమారమి 22 అంగుళముల వాన. అదియును వేళకు వచ్చునని నమ్మకము లేదు. అట్టి సీమలో, చిత్రావతీ తీరమున నున్న ధర్మవరమున 1853లో రామకృష్ణమాచార్యులు జన్మించిరి. నాటికి అనంతపురము జిల్లాయే లేదు. ఆ ప్రాంతము బళ్లారి జిల్లాలో భాగముగా నుండి, 1882లో వేరు జిల్లా అయ్యెను. 2022లో ధర్మవరము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది.

పండిత కుటుంబమున పుట్టిన ఆచార్యులవారు సంస్కృతాంధ్రములతోపాటు కన్నడమును, ఇంగ్లీషును అభ్యసించి, బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడిరి. వారి యౌవనమున, 1876 మొదలు 1878 వరకు, గొప్ప కరవు దక్షిణదేశమును పీడించెను. బళ్లారి సీమ దాని దెబ్బకు మిక్కిలి లోనైన సీమలలో నొకటి. పొలములు బీడులయ్యెను, ఊళ్లు పాడువడెను. ఆ గాయము పూర్తిగా మానకముందే, పదేండ్లు తిరుగకమునుపే, ఆ సీమలో ఒక నాటకసభ వెలసెను. అదియే 1886లో ఆచార్యులవారు స్థాపించిన సరసవినోదినీ సభ.

ధార్వాడ నాటక సమాజములు బళ్లారికి వచ్చి ఆడి వెళ్లుచుండెడివి. జనులు వానిని చూచి ఆనందించెడివారు. చూచుట వేరు, తామే వేషము కట్టుట వేరు. చదువుకొన్న గృహస్థు ముఖమునకు రంగు పూసికొని పదిమంది యెదుట నిలుచుట ఆ దినములలో పరువుతక్కువ పని. కావున సభకు సభ్యులు దొరకుటకంటె, ఆ సభ్యులలో పాత్రధారులు దొరకుట కష్టము. చందా చెల్లించి ముందువరుసలో కూర్చుండుటకు ఎందరైనను వత్తురు. వేషము వేయుటకు కొందరే ముందుకు వత్తురు.

ఈ చిక్కును ఆచార్యులవారు ఉపన్యాసములతో తీర్పలేదు. తామే ముందు వేషము కట్టిరి. 1887లో సభవారు చిత్రనళీయమును ప్రదర్శించినపుడు ఆ నాటకమును వ్రాసినవారు వారే, బాహుకుడై రంగమెక్కినవారును వారే. పాదుకాపట్టాభిషేకమున దశరథుడుగాను, విషాదసారంగధరమున రాజరాజనరేంద్రుడుగాను నిలిచిరి. న్యాయస్థానమున గౌరవము గల పెద్దమనిషియే రంగమెక్కగా, తక్కినవారికి సిగ్గుపడుటకు కారణము లేకపోయెను.

అయినను మొదటినాటి ఉత్సాహము ఏ సభనైనను చిరకాలము నడపజాలదు. సరసవినోదినీ సభవారు జీతముకొరకు ఆడినవారు కారు; పగలు వారి వారి వృత్తులు వారికి కలవు. నాటకము తీరిక వేళల పని. పాఠము వల్లించుట, పాటలు సాధన చేయుట, స్త్రీపాత్రలను సైతము పురుషులే అభ్యసించుట, ఇవన్నియు ఓపికతో కూడినవి. ఒక్కడు రాకున్నను తక్కినవారి శ్రమ వ్యర్థమగును. నాటకసభ యనునది ఒకరి కొరకు ఒకరు వేచియుండు కూటమి. పని లేనిచో సభ్యుడు జారిపోవును. సభకు ఎప్పటికప్పుడు క్రొత్త నాటకము, సభ్యునకు క్రొత్త పాత్ర కావలయును. ఆచార్యులవారు జీవితకాలమున సుమారు ముప్పది తెలుగు నాటకములు వ్రాసిరి. సభకు పని కొరవడకుండ చేసినది ఆ అవిరామ రచనయే.

వ్రాయుటలోను వారు అందరి మెప్పునే కోరుకొనలేదు. సంస్కృత సంప్రదాయము నాటకము మంగళాంతమే కావలెనని విధించగా, వారు విషాదసారంగధరమును దుఃఖాంతముగా ముగించిరి. పండితులు ఆక్షేపించిరి, ఆచార్యులవారు తమ నాటకమును మార్చలేదు.

ఇంతలో బళ్లారిలోనే రెండవ సభ యొకటి బయలుదేరెను. చారిత్రక నాటకములు వ్రాసిన కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమా సభ అది. రెండు సభలకును పోటీ యుండెను. కాని ఆ పోటీ వలన రెండును చల్లబడలేదు. ఒకరి నాటకము మరియొకరిని మేల్కొలిపెను. కరవుసీమ యంచున నున్న ఒక్క పట్టణము తెలుగు నాటకమునకు రెండు పెద్ద దీపములను నిలుపగలిగెను.

1891లో సరసవినోదినీ సభ చెన్నపట్టణమునకు వెళ్లి విక్టోరియా పబ్లిక్ హాలున నాటకములు ప్రదర్శించెను. వానిని చూచినవారిలో పమ్మల్ సంబంధ మొదలియార్ అను పదునెనిమిదేండ్ల తమిళ యువకుడొకడు. నాటకమన్న చులకనభావముతో పెరిగిన ఆ యువకునకు, చదువుకొన్న ఉద్యోగులు, న్యాయవాదులు రంగముపై నిలిచి నటించుట అబ్బురమయ్యెను. ఆ యేడే జూలై 1న అతడు మిత్రులతో కలిసి సుగుణవిలాస సభను స్థాపించెను. అరవ నాటకమునకు ఆధునిక యుగము తెచ్చినవారిలో ముఖ్యుడని అతనికి తరువాత పేరు వచ్చెను. బళ్లారి సభ్యులు తీరిక వేళల చేసిన సాధన మరియొక భాషకును మేలు చేసెను.

సభ ఫలము ఇంటను కనిపించెను. 1880లో తాడిపత్రిలో జన్మించిన బళ్లారి రాఘవ ఆచార్యులవారి మేనల్లుడు. మేనమామవలెనే న్యాయవాదియై, మేనమామవలెనే నటుడయ్యెను. సుమనోరమా సభ నాటకమైన రామరాజులో పఠానుపాత్ర అతనికి గొప్ప కీర్తి తెచ్చెను. ఒక సభ వెలిగించిన ఇంటి దీపము రెండవ సభ రంగమునకును వెలుగిచ్చెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టి, రాఘవ ఆ మార్గమున మేనమామకంటె ముందడుగు వేసెను.

ఆంధ్రనాటక పితామహుడని బిరుదు పొందిన రామకృష్ణమాచార్యులు 1912లో పరమపదించిరి. వారి నాటకములు నేడు రంగముపై అరుదు. దీర్ఘసమాసములు, పాటలు నేటి ప్రేక్షకుని ఓపికను పరీక్షించును. కాని పాఠశాలలో సాహితీసభను గాని, విద్యార్థి సంఘమును గాని నడపువారు వారి పద్ధతిని ఈనాటికిని గుర్తుంచుకొనదగును. ప్రారంభోత్సవమున కిక్కిరిసిన గది మూడవ సమావేశమునకు సగమగుట ఎల్లరు ఎరిగినదే. అట్టివేళ రానివారిని నిందించి ప్రయోజనము లేదు. వచ్చినవారిలో ఎందరికి చేయుటకు పని యున్నదో, పెద్దలలో ఎవరు ముందుగా ఆ పనిలో చేయి పెట్టిరో చూచుకొనవలెను. బళ్లారిలో ఆ ప్రశ్నకు సమాధానముగా ఒక న్యాయవాది బాహుకుని వేషమున రంగముపై నిలిచెను.